పడని రొట్టె

టేకులపల్లి
ఫిబ్రవరి 18, మంగళవారం

నా కంటి వెలుగు, నా బంగారు తల్లి తబితాకు,

మీ నాన్న జకర్యా గుండె నిండా ఆనందంతో రాస్తున్నది. నువ్వూ, అల్లుడు హాతీరామూ, మీ ఆశ్రమ పాఠశాల పిల్లలందరూ చల్లగా ఉండాలని రోజూ రెండు పూటలా మోకాళ్ల మీద అడుగుతున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. పోస్టుమ్యాన్ గేటు ముందు బండి ఆపి "తాతా, నీకే" అంటే పింఛను కాయితమేమో అనుకున్నాను. చూస్తే నీ చేతిరాత! నీ పేరులో మొదటి అక్షరానికి తలకట్టు గొడుగంత పెడతావు కదా, రెండో తరగతి నుంచీ అంతే, అది చూడగానే నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. నీ పెళ్లయి రెండేళ్లు. ఈ రెండేళ్లలో ఫోను చేస్తే అమ్మతో గంట మాట్లాడి, నాతో "బాగున్నావా నాన్నా" అని పెట్టేసేదానివి. అలాంటిది నా పేరున, నాకొక్కడికే, రెండు పేజీల ఉత్తరం! పెరట్లో కూర్చుని మూడుసార్లు చదివాను. అందులో నువ్వు అడిగింది ఏమిటి? "నాన్నా, నువ్వు మళ్లీ తాగుతున్నావని అమ్మ ఏడుస్తోంది, నిజమేనా" అని. అడిగితే అడిగావు తల్లీ, నన్నే అడిగావు. నాకు అదే పండగ.

ఫోనులో అడిగితే అమ్మ వింటుందని రాశావు. నిజమే. గనిలో పేలుళ్లకు నా కుడి చెవి పోయింది, ఎడమది అంతంత మాత్రం, స్పీకరు పెడితే గాని వినపడదు. స్పీకరు పెడితే మన రెండు గదులే కాదు, వీధి చివర టైరు పంక్చర్ల షాపు దాకా వినపడుతుంది. అందుకే నేనూ రాస్తున్నాను. చదివి దాచిపెట్టు. అమ్మకు చెప్పొద్దు.

తాగడం లేదు బిడ్డా. నా నాలుక మీద సారా చుక్క పడి పద్దెనిమిదేళ్లు. నేను చేస్తున్న దొంగపని వేరే ఉంది. రోజూ మధ్యాహ్నం మీ అత్తగారింటికి పోయి జొన్నరొట్టె తింటున్నాను.

నవ్వకు. మొదటి నుంచి చెబుతాను.

ఏడాదిన్నర కిందట నాకు షుగరని తేలింది కదా. డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. మీ అమ్మ ఇంటికి వచ్చి బియ్యం బస్తా ఎత్తి పక్కింటికి ఇచ్చేసింది. మధిరలో మీ మేనమామ ఇదే షుగరుతో కాలు తీయించుకుని, ఆ మీదట ఆరు నెలలకే పోయాడు. ఆ కాలు మీ అమ్మ కళ్లలో అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి మూడు పూటలా చపాతీ. నాకు చేసి పెట్టి తాను అన్నం తినొచ్చు కదా, తినదు. "నువ్వు తినంది నా గొంతులో ఎట్ల దిగుద్దయ్యా" అంటుంది. అలాంటి మనిషి ముందు కంచం ఎలా తోసెయ్యను?

కాని ఆ చపాతీ నాకు పడలేదు తల్లీ. మొదట కడుపు ఉబ్బేది. తర్వాత రోజుకు ఐదారుసార్లు చెంబు పట్టుకుని పరుగు. చొక్కాలు వదులయ్యాయి, ప్యాంటుకు తాడు కట్టుకునేవాడిని. అద్దంలో చూసుకుంటే మా నాయన చివరి రోజుల మొహం కనపడేది. ఒకసారి ధైర్యం చేసి, "విశ్రాంతం, ఈ రొట్టె నాకు పడుతున్నట్టు లేదే" అన్నాను. "ఊళ్ళో షుగరోళ్లందరికీ పడేది నీకొక్కడికే ఎందుకు పడదు? అన్నం మీద మనసు చావక సాకులు చెప్తున్నావ్" అంది. అంటూనే మర్నాడు పిండిలో వాము కలిపింది. ఆ పై వారం గోధుమలు కొని, చెరిగి, ఏరి, మరలో ఆడించింది. ఆమె ఎంత శ్రద్ధగా చేస్తే నేను అంత చిక్కిపోయాను.

దసరా ముందు ఒక రోజు మధ్యాహ్నం నడకకు వెళ్లి, తండా మలుపు దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాను. మీ మామ లాల్‌సింగ్ చూసి బండి మీద ఇంటికి తీసుకుపోయాడు. మీ అత్త కమ్లీ అప్పుడే పొయ్యి మీద నుంచి తీసిన జొన్నరొట్టె, మీద ఎండుమిర్చి తొక్కు, పక్కన ఉల్లిగడ్డ పెట్టింది. ఆకలి మీద తినేశాను. తిన్నాక భయపడుతూ కూర్చున్నాను, ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని. సాయంత్రం దాకా కడుపు కిక్కురుమనలేదు. మూడో రోజు మళ్లీ పోయాను. "రా అన్నా, నీ పేరు మీద ఒక ముద్ద ఎక్కువే తడిపిన" అంది మీ అత్త. అంతే, అప్పటి నుంచి రోజూ అక్కడే. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉపవాస ప్రార్థన అని మీ అమ్మకు చెప్పాను. సాయంత్రం చపాతీలు లుంగీ మడతలో పెట్టుకుని పక్కింటి కుక్కకు వేస్తాను, అది ఇప్పుడు దూడలా ఉంది. మీ అత్త మూట కట్టిచ్చిన రెండు రొట్టెలు కల్వర్టు మీద కూర్చుని తిని ఇంట్లోకి వస్తాను. ఉపవాసమని అబద్ధం, చపాతీలు తిన్నానన్నది అబద్ధం. అయినా నెల తిరిగేసరికి ఒంట్లోకి రక్తం వచ్చింది తల్లీ! తాడు విప్పి బెల్టు పెట్టుకున్నాను!

అంతా బాగుంది, ఒక్క రోజు తప్ప. ప్రభువు బల్ల రోజు.

నెలలో మొదటి ఆదివారం బల్ల రొట్టె పదకొండేళ్లుగా మీ అమ్మే చేస్తుంది. శనివారం తలస్నానం చేసి, పాట పాడుకుంటూ, పులియని గోధుమపిండితో ఒకే ఒక్క పెద్ద రొట్టె. దాన్ని పాస్టరుగారు ప్రార్థించి విరిస్తే పళ్లెంలో తలా ఒక ముక్క, తర్వాత ద్రాక్షరసం. నా వంతుకు వచ్చేది గోరంత. అది తీసుకుని ఇంటికి వస్తే సాయంత్రానికి కడుపులో కత్తి తిప్పినట్టు. సోమవారం లేవలేను. అక్టోబరులో అంతే, నవంబరులో అంతే. మిగతా రోజులన్నీ రాయి తిన్నా అరిగేలా ఉన్నాను, ఆ ఒక్క రోజే ఎందుకు?

చపాతీ పడదని నాకు తెలుసు. కాని గోరంత ముక్క ఏం చేస్తుంది? పైగా అది చపాతీ కాదే, ప్రభువు శరీరమని చెప్పి చేతిలో పెట్టేది. అది పడకపోవడమేమిటి? అప్పుడు బల్ల ముందు పాస్టరుగారు ప్రతి నెలా చదివే మాట గుండెల్లో దిగింది. అయోగ్యంగా తిన్నవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని, అందుకే కొందరు బలహీనులై రోగులై ఉన్నారని. అది నా గురించే అనిపించింది. ఏ పాపం దాచానా అని వెతుక్కున్నాను. వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు బిడ్డా.

నీ పెళ్లి విందు. తండాలో పందిరి కింద లాల్‌సింగ్ బావ స్వయంగా నా చేతుల మీద నీళ్లు పోసి విస్తరి ముందు కూర్చోబెట్టాడు. వాళ్ల దేవతకు మొక్కి కోసిన మేక. మన సంఘం పెద్దలు ఎదురుగా నిలబడి నన్నే చూస్తున్నారు. "కడుపులో బాగాలేదు బావా" అని లేచిపోయాను. కడుపులో ఏమీ లేదు. మొక్కిన మాంసమనే పట్టింపు కూడా కాదు, పప్పూ అన్నమూ ఉన్నాయి, అవైనా తినొచ్చు. సంఘంలో నా కుర్చీ ఏమవుతుందో అని లేచాను. పెళ్లిచీరలో నువ్వు నన్ను చూసిన చూపు నాకు తెలుసు. ఆనాడు లేని కడుపునొప్పి చెప్పినందుకు దేవుడు ఉన్న కడుపునొప్పి ఇచ్చాడని అనుకున్నాను. నన్ను క్షమించు తల్లీ. రెండేళ్లుగా ఈ మాట నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

డిసెంబరు నుంచి బల్ల మానేశాను. పళ్లెం నా దగ్గరికి రాగానే పక్కవాడికి అందిస్తున్నాను. మూడు నెలలుగా అందరూ చూస్తున్నారు. బల్ల తీసుకోని పెద్ద అంటే లోపల ఏదో ఉందనే కదా లెక్క. రోజూ మధ్యాహ్నం తండా దారిలో కనపడుతున్నాడు, తండాలో ఏముంటుంది, సారా. ఇలా కలిపేశారు. మన సంఘం పెద్ద ఏసుపాదం ఇంటికే వచ్చి, "అన్నా, నీ పాతరోగం మళ్లొచ్చిందేంది?" అన్నాడు. మీ అమ్మ చేతిలోని గ్లాసు కింద పడింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. వచ్చే మొదటి ఆదివారం, మార్చి రెండున, సంఘం ముందు నిలబడి సంగతి చెప్పాలని పెద్దలు తీర్మానం చేశారు.

నేనూ ఒక తీర్మానం చేసుకున్నాను. తాగానని ఒప్పుకుంటాను. ఆశ్చర్యపోకు. తాగానంటే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు, పాట పాడతారు, క్షమిస్తారు. మన సంఘానికి తాగుబోతును క్షమించడం బాగా అలవాటు. కాని బల్ల రొట్టె నా ఒంటికి పడటం లేదని చెబితే? ఆ మాట ఎవరు విన్నారు, ఎవరు క్షమిస్తారు? ఒప్పుకున్నాక తండాకు వెళ్లనని మాట ఇవ్వాలి. మళ్లీ మూడు పూటలా చపాతీ. ఎన్నాళ్లు ఉంటానో ఉంటాను. అమ్మ మొహం మళ్లీ నావైపు తిరుగుతుంది, అది చాలు.

నువ్వు ఉత్తరం రాశావన్న సంతోషంలో ఇదంతా రాసేశాను. మళ్లీ రాయి, ఒక్క ముక్కైనా రాయి.

ముద్దులతో,
మీ నాన్న జకర్యా

టేకులపల్లి
ఫిబ్రవరి 27, గురువారం

వెయ్యేళ్లు బతకాల్సిన నా తల్లి తబితాకు,

నీ జవాబు అందింది! "చదువుతూ నవ్వాను నాన్నా, పెళ్లి మాట దగ్గర ఏడ్చాను, మళ్లీ కుక్క దగ్గర నవ్వాను" అని రాశావే, ఆ ముక్క చించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది. మిగతా ఉత్తరమంతా తిట్లే, అయినా తియ్యగానే ఉన్నాయి.

నువ్వు రెండు ఆజ్ఞలు వేశావు. ఒకటి, వెంటనే భద్రాచలం దవాఖానాకు పోయి కడుపు చూపించుకోమని. రెండు, తాగానని చెప్పొద్దని. "నువ్వు తాగానంటే పోసింది ఎవరనుకుంటారు నాన్నా? పెళ్లిలో మా అత్తమామల అన్నం ముట్టలేదు. ఇప్పుడు వాళ్ల ఇల్లు సారా కొట్టని సంఘం ముందు చెబుతావా?" ఈ మాట చదివి నాకు చెమటలు పట్టాయి. నా మీద నేను వేసుకునే నింద నా దగ్గరే ఆగుతుందనుకున్నాను గాని, నాకు రొట్టె పెట్టిన చేతుల మీద పడుతుందని తోచనే లేదు. ఎంత మూర్ఖుడిని!

మొదటి ఆజ్ఞ పాటించాను. మంగళవారం లాల్‌సింగ్ బావను తోడు తీసుకుని బస్సెక్కాను. అడవంతా మోదుగు పూలతో ఎర్రగా ఉంది. బావ కిటికీలో నుంచి చూస్తూ ఉన్నాడు, నాకు మాత్రం చూపు ఆనలేదు. దవాఖానాలో రక్తం తీశారు, నోట్లోంచి గొట్టం వేసి కడుపులోకి చూశారు. బుధవారం మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసుదే, నీ ఈడు ఉంటుంది. కాయితాలు చూసి అంది:

"తాతా, నీకు గోధుమ పడదు. కొందరి ఒళ్లే గట్ల ఉంటది. లోపల పేగు పుండ్లు పడి ఇప్పుడిప్పుడే మానుతున్నది. గోధుమ పూర్తిగా బంద్."

"కొంచెం తినొచ్చామ్మా?"

"వద్దు."

"చిటికెడు?"

"చిటికెడు గూడ వద్దు."

"గోరంత? నెలకు ఒక్కసారి, ఆదివారం పూట?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఏంది తాతా, నాతోని బేరం ఆడుతున్నవా?"

బావ నా భుజం గిల్లాడు. "డాక్టరమ్మ దగ్గర గూడ బేరమేంది బావా, లే!"

నేను లేవలేదు. "అమ్మా, ఆ గోరంత ముక్కకు కూడా నొప్పి వస్తుందా? వేరే కారణం ఏమీ అక్కర్లేదా? మనిషి చేసిన పాపం గిట్ల..." అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "పాపం కాదు తాతా, పిండి" అంది. "ఒకసారి పేగు పుండైనంక పడనోళ్లకు గోరంత చాలు. జొన్నలు తిను, సజ్జలు తిను, కొలత మీద ఇంత అన్నం తిను, షుగరు మాత్ర మానకు. యవలు గూడ వద్దు" అంది.

తబితా, నేను ఆ దవాఖానా వరండాలో ఏడ్చాను! రోగులంతా నన్ను చూసి నాకేదో పెద్ద జబ్బు చెప్పారనుకున్నారు. "పిండట బావా, పిండట!" అని లాల్‌సింగ్ బావను వాటేసుకున్నాను. ఆ ఊపులోనే పెళ్లి సంగతి కూడా చెప్పేశాను, ఆనాడు నాకు కడుపునొప్పి లేదు, అబద్ధమాడాను, మన్నించు అని. బావ నన్ను ఎగాదిగా చూసి, "తెల్సు బావా" అన్నాడు. "కడుపునొప్పున్నోడు పందిరి ఎనక మూడు గిలాసల ఛాయ్ తాగుతడా? మీ చెల్లె ఆనాడే కనిపెట్టింది. నువ్వు తండా మలుపుకాడ పడ్డనాడు 'ఇయ్యాల తినిపించి పంపుతా' అన్నది." మీ అత్త ఎంత దొడ్డ మనిషో చూడు! అయిదు నెలలుగా నాకు రొట్టె వేస్తూ ఒక్క మాట అనలేదు.

ఇంత సంతోషం మోసుకుని బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతూ లోపలికి చూశాను.

మీ అమ్మ వంటింట్లో గోధుమలు చెరుగుతోంది. శనివారానికి, బల్ల కోసం. ఎండుటాకు ముక్క ఉన్నా ఏరి పక్కన పెడుతోంది. పదకొండేళ్లుగా ఆమెకు సంఘంలో ఉన్న గౌరవమంతా ఆ రొట్టె. ఏడాదిన్నరగా నా ప్రాణం నిలబెడుతున్నానని ఆమె అనుకుంటున్నది ఈ చపాతీ. ఇప్పుడు పోయి, "విశ్రాంతం, నువ్వు నాకు పెట్టిందే నన్ను తినేసింది" అని ఎలా చెప్పను? తన అన్నను కాపాడుకోలేకపోయింది, నన్నైనా కాపాడుకుందామని పట్టుబట్టింది. ఆ మాట వింటే ఆమె మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటుందా?

అబద్ధం చెప్పడానికి నువ్వు ఒప్పుకోవు. నిజం చెప్పడానికి నాకు నోరు రాదు. ఇల్లంతా గోధుమ వాసన. బయటికి పోదామంటే మీ అమ్మ నా చెప్పులు ఎక్కడ పెట్టిందో కనపడవు. తండాకు పోకుండా దాచినట్టుంది. నిన్న రాత్రి నేను చపాతీ తినేదాకా ఎదురుగా కూర్చుని కాపలా కాసింది. తినక తప్పలేదు. ఇవాళ పొద్దున రాస్తూ రాస్తూ నాలుగుసార్లు లేచాను.

వారంలో ఆమె నాతో అన్నది ఒకే ఒక్క మాట. "ఆదివారం నిజం చెప్పు. ఏదైనా సరే, పదిమంది ముందు నీ నోటితో నువ్వే చెప్పు."

ఏం చెబుతానో తెలియదు బిడ్డా. నీ ముక్క జేబులో పెట్టుకుని నిలబడతాను.

నీ మీదే ఆశ పెట్టుకున్న
నాన్న

టేకులపల్లి
మార్చి 3, సోమవారం

నా తల్లీ, నా తల్లీ, నా తల్లీ తబితా!

మూడుసార్లు ఎందుకు రాశానో అడగకు. ఇవాళ సోమవారం, పొద్దున పది గంటలు, నేను కుర్చీలో నిటారుగా కూర్చుని నీకు రాస్తున్నాను. అంటే అర్థమైందా? బల్ల తీసుకున్న మర్నాడు నేను మంచం మీద లేను!

వరుసగా చెబుతాను, లేకపోతే నాకే కలగాపులగం అవుతుంది.

నిన్న గుడి నిండిపోయింది. బల్ల రోజు ఎప్పుడూ జనం ఉంటారు, నిన్న నా సంగతి వినడానికి బోనకల్ నుంచి ఏసుపాదం వియ్యాలవారు కూడా వచ్చారు. పాస్టరుగారు వాక్యం చెప్పడం అయ్యాక ఏసుపాదం లేచి, "జకర్యా అన్న సంఘానికి ఒక మాట చెప్పాల్సి ఉన్నది" అన్నాడు. నేను ముందుకు పోయి నిలబడ్డాను. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ఆడవాళ్లలో మూడో వరుసలో మీ అమ్మ, తెల్లచీర, కొంగు తల మీద. బల్ల మీద పళ్లెం, దాని మీద ఆమె కుట్టిన తెల్లగుడ్డ.

"నేను తాగలేదు" అన్నాను. అక్కడి దాకా వచ్చింది. "తండాకు పోయింది నిజం. బల్ల మానేసింది నిజం. కాని..." అన్నాను. తర్వాతి మాటకు మీ అమ్మ వైపు చూశాను, నోరు పెగల్లేదు. గుడిలో ఫ్యాన్ల చప్పుడు నా పాడు చెవికి కూడా వినపడింది. ఏసుపాదం, "కాని ఏంది అన్నా? ఆగినవేంది?" అన్నాడు.

"ఆయన చెప్పడు" అని ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది. "నేను చెప్తా."

మీ అమ్మ తబితా! నలుగురిలో పైకి ప్రార్థన చేయమంటేనే గొంతు రాని మనిషి, లేచి నిలబడింది!

"శుక్రవారం ఈయన ఇంట్లో కనపడకపోతే నేను తండాకు పోయాను. సారా కుండ చేతిలో ఉండగా పట్టుకుందామని పోయాను. లాల్‌సింగ్ ఇంట్లో కుండ లేదు, ఈయనా లేడు. పొయ్యి మీద రొట్టె ఉంది. 'ఇది ఎవరికి' అంటే ఆ ఇంటామె 'అన్నకు, ఇయ్యాల రాలే, పానం బాగలేదా' అని నన్నే అడిగింది. అయిదు నెలలుగా ఈయనగారు అక్కడ జొన్నరొట్టె తింటున్నాడు. నేనిక్కడ గోధుమలు ఏరుతున్నాను. దవాఖానా కాయితం కూడా వాళ్లకు తెలుసు. ఊరందరికీ తెలిసిన నా మొగుడి కడుపు నాకే తెలియదు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. మీ అమ్మ అటు ఒక చూపు చూసింది, నవ్వు ఆగిపోయింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏమయ్యా, నలభై ఒక్క ఏళ్లు కాపురం చేశాం. నీ ఒంటికి పడట్లేదన్న మాట నాకు చెప్పలేకపోయావా?"

"ఒకసారి చెప్పాను విశ్రాంతం" అన్నాను.

"ఒకసారి చెప్తే వింటానా నేను? పదిసార్లు చెప్పాలి! కంచం విసిరికొట్టాలి! మొగుడివి కాదా?"

ఈసారి పాస్టరుగారే నవ్వారు. ఇక గుడంతా నవ్వింది. మీ అమ్మ మాత్రం నవ్వలేదు, కళ్లు తుడుచుకుని కూర్చుంది. నేను అప్పుడు అంతా చెప్పేశాను. గోరంత ముక్కకు కత్తి తిప్పినట్టు ఉండేదని, తీర్పు అనుకున్నానని, డాక్టరమ్మ పిండి అందని, చెప్పలేక తాగానని ఒప్పుకుందామనుకున్నానని కూడా. వింటున్నవాళ్లలో ఒకరిద్దరు తలలు దించుకున్నారు.

ఏసుపాదం ఊరికే వదిలే మనిషా? "సరే, తాగలేదు, సంతోషం. మరి ఇప్పుడు బల్ల సంగతేంది? ఆయనకొక్కనికి వేరే ముక్క పెడతమా? సంఘానికంతా ఒకే రొట్టె అని కదా మన పద్ధతి. పళ్లెంలో రెండు రకాలుంటే అది బల్లనా, హోటలా?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో న్యాయం ఉంది. నేనే, "వద్దులెండి, నేను ద్రాక్షరసం మాత్రం తీసుకుంటాను" అనబోయాను.

మీ అమ్మ మళ్లీ లేచింది. ఈసారి నడుచుకుంటూ ముందుకు వచ్చి బల్ల మీది తెల్లగుడ్డ తీసింది.

పళ్లెంలో ఉన్నది గోధుమరొట్టె కాదు తల్లీ. జొన్నరొట్టె. ఒకటే. అంచులు పగిలిపోయి, ఒక పక్క మాడి, గుండ్రంగా కూడా లేదు, చేత్తో తట్టడం తెలియని మనిషి తట్టిన రొట్టె. శుక్రవారం సాయంత్రం, శనివారం పగలంతా తండాలో మీ అత్త పొయ్యి ముందు కూర్చుని నేర్చుకుందట! వేడినీళ్ల పిండికి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, అప్పుడు చూశాను. శనివారం రాత్రి ఇంట్లో తలుపు వేసుకుని పాట పాడుకుంటుంటే నేను గోధుమే అనుకున్నాను.

"ఒకే రొట్టె" అంది ఏసుపాదంతో. "రెండు రకాలు లేవు. లెక్క సరిపోయిందా?"

"జొన్నతో బల్లనా అమ్మా!" అన్నాడు ఏసుపాదం.

పాస్టరుగారు లేచారు. ఆ రొట్టెను కాసేపు చూశారు. "ప్రభువు కొండ మీద అయిదు వేలమందికి పంచినవి యవల రొట్టెలు. బీదవాళ్లు తినే రొట్టెలు. ఆయన వాటిని తీసుకుని కృతజ్ఞత చెప్పాడే గాని, గోధుమవి తెమ్మనలేదు" అన్నారు. యవలు కూడా నాకు పడవని డాక్టరమ్మ చెప్పింది కదా, ఆ సంగతి నేను అప్పుడు బయటపెట్టలేదు.

పాస్టరుగారు ప్రార్థించి రొట్టె విరిచారు. జొన్నరొట్టె కదా, ముక్కలు కాలేదు, పొడిపొడిగా రాలింది. తలా ఇంత పొడి. అందరూ అరచేయి దొప్పలా పట్టుకుని తీసుకోవాల్సి వచ్చింది. సుకుమార్ అని కొత్తగా బాప్తీస్మం తీసుకున్న పిల్లవాడి అరచేతిలోంచి కింద రాలితే వాళ్లమ్మ వంగి వేలితో అద్ది తీసింది. నోరు ఎండిపోయి అందరూ ద్రాక్షరసం కోసం ఎదురుచూశారు. ఏసుపాదం దగ్గరికి పళ్లెం వచ్చింది. క్షణం ఆగాడు. తీసుకున్నాడు. తర్వాత నాకే తన చేత్తో పళ్లెం అందించాడు. తీసుకున్నాను తల్లీ. నాలుగు నెలల తర్వాత తీసుకున్నాను. నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటే ఏ భయమూ లేదు.

అయినా పాత అలవాటు, సాయంత్రం దాకా కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. పడుకున్నాను, నిద్ర పట్టింది.

ఇక ఇవాళ పొద్దున సంగతి. దీని కోసమే నీకు ఇంత రాస్తున్నాను.

లేచి పెరట్లో మొహం కడుక్కుంటుంటే మీ అమ్మ వంటింటి గడపలో నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది. "ఏమయ్యా, పొద్దున ఏం చెయ్యమంటావ్? నీకు ఏం పడుద్ది?"

నలభై ఒక్క ఏళ్లలో ఆ ప్రశ్న ఆమె అడగలేదు. ఆమె తప్పు కాదు, పెట్టింది తినడమే నా పద్ధతి, గనిలో పనికి పోయేవాడికి ఇంకేం తీరిక? చేతిలో నీళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాట్లాడాలి కదా అని, "నీకేం పడుద్ది విశ్రాంతం?" అన్నాను.

ఆమె మొహం తిప్పుకుంది. తర్వాత మెల్లగా, తప్పు చేసినదానిలా అంది. "నాకూ ఆ చపాతీ పడదయ్యా. మొదటి రోజు నుంచీ గుండెల్లో మంటే. రోజూ సాయంత్రం ఇంత సోడా కలుపుకుని తాగేదాన్ని. నువ్వు తింటున్నావు కదా, నేను వద్దంటే నువ్వూ మానేస్తావని..."

ఏడాదిన్నర తల్లీ! ఆమె నా కోసం మింగింది, నేను ఆమె కోసం మింగాను, బాగుపడింది పక్కింటి కుక్క ఒక్కటే. నేను నవ్వడం మొదలుపెట్టాను. మీ అమ్మ "ఎందుకయ్యా అంత నవ్వు" అని కసిరి, తానూ గడప మీద కూలబడి నవ్వింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వాం.

ఇప్పుడు పొయ్యి మీద గిన్నెలో ఎసరు మరుగుతోంది. పక్కింటామె దగ్గర ఒక గ్లాసు బియ్యం చేబదులు తెచ్చుకుంది, తనకోసం. నాకు జొన్నరొట్టె తడుతోంది. ఇదిగో, "ఇది కూడా విరిగిందయ్యో!" అని లోపలి నుంచి అరుస్తోంది. విరిగిందే తింటానని కేక వేశాను. పోతున్నాను, వేడిగా ఉండగానే తినాలి.

మీ అమ్మ చేతి రొట్టె తినబోతున్న
మీ నాన్న జకర్యా